గడీల సాక్ష్యం

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ప్రధాన రహదారిని విడిచి నాలుగైదు కోసులు లోపలికి వెళితే ఏదో ఒక ఊరి నడుమ ఒక పాత కట్టడం కంటబడుతుంది. చుట్టూ రెండు నిలువుల ఎత్తున ప్రహరీ, మూలన గుండ్రని బురుజు, ఏనుగు పట్టేటంత ద్వారం, ఆ ద్వారానికి ఒక తలుపు మిగిలి మరొక తలుపు ఊడిపోయి, పైన గోడ పగులులో మొలిచిన రావిమొక్క. లోపల తుమ్మచెట్లు, కూలిన దూలాలు, మేకల మంద. ఇదేమిటని ఊరివారిని అడిగితే ‘గడీ’ అంటారు. ఆ ఒక్క మాటతో సమస్తం చెప్పినట్లేనని వారి భావన. ముసలివారైతే ఆ మాట అనేటప్పుడు కొంచెం గొంతు తగ్గిస్తారు కూడా. దొర పోయి, ఆయన అధికారం పోయి డెబ్బై ఏళ్లు దాటినా ఆ గొంతు తగ్గడం మాత్రం పూర్తిగా పోలేదు.

హిందీ, మరాఠీ భాషలలో ‘గఢ్’ అంటే కోట, ‘గఢీ’ అంటే చిన్న కోట. ఆ పదమే మన పల్లెలలో ఒత్తు వదలుకొని గడీ అయింది. పాత తెలుగులో ‘గడి’ అనే మాటకు ఎల్ల, సరిహద్దు అనే అర్థం కూడా ఉన్నది. ఈ రెండు మాటలకు చుట్టరికం ఉన్నదా లేదా అన్న చర్చను నిఘంటుకారులకు వదిలివేద్దాం. పల్లెలో గడీ రెండు అర్థాలకూ సరిపోయింది. అది చిన్న కోట. ఊరిలోని మనుషులు ఎంతవరకు రావచ్చునో, ఎక్కడ ఆగవలెనో నిర్ణయించిన ఎల్ల కూడా అదే.

ఫ్రాన్సు దేశపు పల్లెలలో ‘మన్వార్’ అనే కట్టడాలు ఉంటాయి. అవి రాజుల కోటలు కావు, సామాన్య రైతుల ఇళ్లూ కావు. ఊరి భూమి మీద, ఊరి మనుషుల మీద హక్కు గల స్థానిక ప్రభువు నివాసాలు. మన గడీ కూడా సరిగ్గా అటువంటి నడిమి జాతిది. గోల్కొండను గడీ అనము; గద్వాల కోటనూ అనము. రాజు యుద్ధానికి కోట కట్టుకుంటాడు, వైభవానికి ప్రాసాదం కట్టుకుంటాడు. గడీ కట్టుకున్నవాడు రాజు కాడు. రాజుకు శిస్తు వసూలు చేసి పెట్టే ఉద్యోగి. ఉద్యోగికి కోట ఎందుకు కావలసి వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉన్నది.

దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు అనే వంశపారంపర్య ఉద్యోగాలు దక్కన్ సుల్తానుల కాలం నుంచి ఉన్నవే. కొన్ని గ్రామాల సముదాయం నుంచి శిస్తు వసూలు చేసి సర్కారుకు చెల్లించడం దేశ్‌ముఖు పని. లెక్కలు రాయడం దేశ్‌పాండ్యా పని. 1853 నుంచి 1883 వరకు హైదరాబాదు రాజ్యానికి దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగు ఈ పద్ధతిని మార్చదలచాడు. 1865లో జిలాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, శిస్తు వసూలును జీతగాళ్లయిన అధికారులకు అప్పగించాడు. హక్కు కోల్పోయిన దేశ్‌ముఖులకు పరిహారంగా ‘రుసుము’ ఏర్పాటయింది. ఉద్యోగం పోయింది కనుక అధికారం కూడా పోయి ఉండవలసింది. జరిగింది వేరు. ఊరి లెక్కలు తెలిసినవారు, సర్కారు భాష తెలిసినవారు, పట్టాలు ఎట్లా పుడతాయో తెలిసినవారు వారే. భూముల కొలతలు, నమోదులు సాగిన కాలంలో సారవంతమైన భూములు వారి పేర్ల మీదికి చేరాయి. శిస్తు వసూలుదారు భూస్వామి అయ్యాడు. విసునూరు దేశ్‌ముఖు అధీనంలో 40 గ్రామాలు, 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. అన్ని ఎకరాల మనిషికి ఇల్లు చాలదు, గడీ కావాలి.

ఇక గడీ నిర్మాణాన్ని చూద్దాం. అన్ని గడీలూ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని విశాలమైన మట్టిమిద్దెలు, కొన్ని నిజంగానే కోటలు. అయినా సాధారణంగా కనబడే తీరు ఒకటి ఉన్నది. పెద్ద దర్వాజ టేకు కర్రది. దానికి ఇనుప బొడిపెలు, లోపల అడ్డంగా వేసే గడె మాను. ఆ పెద్ద తలుపులో ఒక చిన్న తలుపు ఉంటుంది, దానిని దిడ్డి అంటారు. దొర బగ్గీ వచ్చినప్పుడే పెద్ద తలుపు తెరుచుకుంటుంది. మిగిలినవారు దిడ్డిలో నుంచే రావాలి. అది మనిషి ఎత్తు ఉండదు. ఎంతటివాడైనా తల వంచక లోపలికి రాలేడు. శత్రువు ఒక్కసారిగా చొరబడకుండా ఈ ఏర్పాటు అని వాస్తు తెలిసినవారు చెబుతారు. నిజమే. కాని డెబ్బై ఎనభై ఏళ్లపాటు శత్రువెవడూ రాని ఊర్లో ఆ దిడ్డిలో తల వంచింది ఎవరు? ఊరి జనమే.

దిడ్డి దాటితే వాకిలి. ఒక పక్క గుర్రాల, ఎడ్ల కొట్టాలు. మరొక పక్క కావలివారి వసారాలు. ఎదురుగా నడుమెత్తు అరుగు, దానిపై స్తంభాల వరుస. అదే కచేరి. దొర అక్కడ కూర్చొని పంచాయితీలు చెప్పేవాడు. వచ్చినవారు కింద, ఎండలో నిలబడి, పైకి చూస్తూ మాట్లాడాలి. ఒక అరుగు ఎత్తు ఎంత పని చేస్తుందో ఆలోచించండి. నోట ఒక్క మాట అనకుండానే ఎవరు ఎవరికి పైవారో రాయి చెప్పివేస్తుంది. అరుగు మీదికి ఎక్కదగినవారు, అరుగు అంచున నిలబడదగినవారు, వాకిట్లోనే ఆగవలసినవారు, దిడ్డి బయటనే ఉండిపోవలసినవారు అని ఊరి కులాలన్నిటికీ ఆ కట్టడంలో ఒక్కొక్క స్థానం నిర్ణయమై ఉండేది.

కచేరి వెనుక భవంతి. నడుమ ఆకాశం కనబడే చదరపు ముంగిలి, నాలుగు దిక్కులా వసారాలు, వసారాల వెంట అర్రలు. రాతి పీటల మీద నిలిపిన కర్ర స్తంభాలు, స్తంభాల తలలపై పద్మాలు, చిలుకలు చెక్కిన బోదెలు. ఎండాకాలంలో ఈ ముంగిలి వేడిగాలిని పైకి వదిలి చల్లదనాన్ని లోపల నిలుపుతుంది. వానాకాలంలో నాలుగు చూరుల నీరు నడుమకు చేరి తూము గుండా వెళ్లిపోతుంది. గోడలు రెండు మూడు మూరల మందం. మే నెల మధ్యాహ్నం బయట నిప్పులు కురుస్తున్నా అర్రలో తడిగుడ్డ కప్పుకున్నట్లు ఉంటుంది. సిమెంటు ఇళ్లలో పంకా కింద ఉడికిపోయే మనకు ఈ విద్య తెలిసి ఉంటే బాగుండేది. భవంతి వెనుక వంటశాల, గిలక బావి, ధాన్యం దాచే పాతరలు. కొన్ని గడీలలో ఒక చిన్న గుడి. మరికొన్నింటిలో కిటికీ లేని ఒక చీకటి కొట్టు. దాని ప్రయోజనం ఏమిటో పెద్దలు నాకు చెప్పిన తీరును బట్టి దానిని వర్ణించకుండా వదిలివేస్తున్నాను.

పైకప్పు తీరు వేరే చెప్పవలసినది. గోడ నుంచి గోడకు టేకు దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద దగ్గరగా పేర్చిన పలకలు, ఆపైన మట్టి, దాని మీద గచ్చు. ఆ గచ్చుకు వాడినది గానుగ సున్నం. నేల మీద గుండ్రంగా రాతి కాలువ కట్టి, అందులో సున్నం, ఇసుక, నీరు పోసి, రాతి చక్రాన్ని ఎడ్లతో తిప్పి రోజుల తరబడి నూరేవారు. బెల్లపు నీరు, కరక్కాయ రసం కలిపేవారు. అట్లా నూరిన సున్నం ఆరిన తరువాత రాయి వలె గట్టిపడుతుంది. అయినా గాలి పీల్చుకుంటుంది, తేమను వదులుతుంది. పాత గోడలకు ఈ కాలం సిమెంటు పూసి ‘మరమ్మతు’ చేసినవారు ఈ సంగతి ఎరుగరు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు, కనుక గోడ లోలోపల నాని, పూత పెళ్లగా ఊడి పడుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరకు వచ్చేసరికి గడీల ముఖం మారింది. హైదరాబాదులో నవాబులు, అమీరులు ఐరోపా తీరు మేడలు కడుతుంటే పల్లెలలోని దొరలకూ ఆ మోజు పట్టింది. బురుజు పక్కన గుండ్రని రోమను స్తంభాలు, కమానుల మీద గచ్చుతో తీర్చిన ద్రాక్ష తీగలు, కిటికీలకు రంగుటద్దాలు, మేడ మెట్లకు పోత ఇనుప కటకటాలు వచ్చాయి. ముందు నుంచి చూస్తే సీమ మేడ, వెనుకకు వెళితే తెలుగు భవంతి, మూలకు వెళితే దక్కను కోట. శిల్పశాస్త్రజ్ఞులు దీనిని సంకరమని ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం ఈ కలగాపులగంలోనే మన ప్రాంతపు చరిత్ర సరిగా కనబడుతుంది. ఆశ్రయించినవారి అభిరుచులన్నీ ఆ గోడల మీద ఉన్నాయి.

ఇంతవరకు వర్ణించినది ఎవరి పని? బండ పగలగొట్టినవారు వడ్డెరలు. సున్నం నూరినవారు, మట్టి మోసినవారు ఉప్పరులు. స్తంభాలకు చిలుకలు చెక్కినవారు వడ్ల పనివారు. తలుపు బొడిపెలు కమ్మరివి, పెంకులు కుమ్మరివి. వీరిలో ఎందరికి కూలి అందింది, ఎందరు వెట్టికి పని చేశారు అనేది గడీ లెక్కల పుస్తకాలలో రాయలేదు. వెట్టికి లెక్క ఉండదు. మన ప్రబంధాలలో అష్టాదశ వర్ణనలు ఉన్నాయి. అందులో పురవర్ణన ఒకటి. మేడలు మబ్బులను ఒరుసుకుంటాయి, మణుల కాంతికి రాత్రి పగలు తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆ పద్యాలు చదివి చెబుతున్నవాడిని, వాటి మీద నాకున్న ప్రేమ తక్కువది కాదు. కాని అంతటి పురవర్ణనలో ఆ మేడకు రాయి మోసినవాడు ఎక్కడా కనబడడని మొదట గుర్తించింది నేను కాదు, నా తరగతిలోని ఒక విద్యార్థి. ఆ అబ్బాయి అడిగిన తరువాతనే నేను మళ్లీ వెతికాను.

గడీ చరిత్రలో అందరూ ఎరిగిన ఘట్టం పాలకుర్తి పరిసరాలలో జరిగింది. అప్పుడు అది నల్గొండ జిల్లా జనగామ తాలూకా. పదమూడో శతాబ్దంలో ద్విపదలో బసవపురాణం రచించి, కులం కంటే భక్తి మిన్న అని చాటిన పాల్కురికి సోమనాథుని ఊరు అది. ఏడు వందల ఏళ్ల తరువాత అదే ఊరిలో చాకలి ఐలమ్మ అనే స్త్రీ నాలుగు ఎకరాల కౌలు భూమి కోసం విసునూరు గడీకి ఎదురు నిలిచింది. ఆమె పండించిన పంటను ఎత్తుకుపోవడానికి దొర మనుషులు వచ్చారు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు ఆమె పక్షాన నిలబడి ధాన్యాన్ని ఆమె ఇంటికే చేర్చారు. నలభై వేల ఎకరాలు నాలుగు ఎకరాల ముందు ఓడిపోయాయి. ఇక 1946 జూలై 4న కడవెండిలో ప్రజలు ఊరేగింపుగా వెళుతుండగా దేశ్‌ముఖు తల్లి నివసించే గడీ వైపు నుంచి తుపాకులు పేలాయి. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు, అన్న మల్లయ్య గాయపడ్డాడు. ఆ గుండు ఒక యువకుణ్ణి చంపి సాయుధ పోరాటానికి పుట్టుక ఇచ్చింది. దొరలు కొందరు గడీలు విడిచి హైదరాబాదుకు పారిపోయారు. 1948 సెప్టెంబరులో సైనిక చర్య తరువాత కొందరు తిరిగి వచ్చినా పాత రోజులు తిరిగి రాలేదు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారుల చట్టం, 1951 ఏప్రిల్ 18న మన జిల్లాలోని పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబా భావే ఎదుట నూరెకరాలు దానం చేయడం, అదే ఏడు అక్టోబరులో సాయుధ పోరాట విరమణ, ఆపైన 1973 భూపరిమితి చట్టం. వీటితో గడీకి ఆధారమైన భూమి కొంతైనా కరిగింది. భూమి లేని గడీకి కాపలా ఉండదు, ఏటేటా సున్నం ఉండదు. వానకు పైకప్పు కారడం మొదలైతే మట్టిమిద్దె పదేళ్లు కూడా నిలవదు.

ఇప్పుడు మన ముందున్న ప్రశ్న ఒకటే. కూలుతున్న వీటిని కూలనివ్వాలా, నిలపాలా?

కూలనివ్వాలి అనేవారి వాదం బలమైనది. వెట్టితో కట్టినది, కన్నీళ్లతో తడిసినది, దానిని కాపాడడానికి ప్రజల సొమ్ము ఖర్చు చేయడం ఏమిటి అని వారు అడుగుతారు. దొర పేరును చిరస్థాయి చేయడానికా అంటారు. ఈ ప్రశ్నను వారసత్వ ప్రేమికులు చాలామంది దాటవేస్తారు. నేను దాటవేయలేను. కారణం ఒక అనుభవం.

1990ల నడుమ పరిశోధన చేస్తున్న రోజులలో తాళపత్రాల కోసం మన జిల్లాలోనే ఒక పల్లెకు వెళ్లాను. అక్కడి గడీలో పాత గ్రంథాలు ఉన్నాయని విన్నాను. కాపలాదారు తాళం తీశాడు. ఒక పెట్టెలో నాలుగు కట్టలు దొరికాయి. మూడు చెదలు తిన్నవి, ఒకటి చదవదగినది. దాని గద్య, లేఖకుని పేరు శ్రద్ధగా రాసుకొని, ఆ ఆనందంలో బయటికి వచ్చి దిడ్డి ముందరి రాతి మీద కూర్చున్నాను. ఎనభై ఏళ్ల ముసలమ్మ ఒకరు మేకలను అదిలిస్తూ వచ్చి నన్ను పలకరించింది.

“ఏం రాసుకుంటున్నవు బిడ్డా?”

“పాత పుస్తకాలు చూడనీకి వచ్చిన అవ్వా. మంచి గడీ, కూలిపోతున్నది కదా!”

“కూలనియ్యి. యేటేటా దసరా ముందల మా అవ్వతోని నేను గీ గోడలకు సున్నమేసిన. కూలి లేదు, నాలి లేదు. సున్నం తాకి ఏళ్ళు పుండ్లు పడేటియి. ఆ ఏళ్ళతోనే పొద్దుమూకి బువ్వ దినేటోళ్లం. గిది ఎన్నడు కూలుతదా అని సూస్తున్న.”

నేనేమీ మాట్లాడలేకపోయాను. ఆమె మేకలను తోలుకొని పది అడుగులు వేసి, మళ్లీ ఆగి, “కూలినంక మా మనుమండ్లకు జెప్తే నమ్ముతరో లేదో” అన్నది. తనలో తాను అనుకున్నట్లుగా అన్నది. వెళ్లిపోయింది.

నా నోటుపుస్తకంలో ఆ రోజు తేదీ కింద లేఖకుని పేరు ఉన్నది, పత్రాల సంఖ్య ఉన్నది, చెదలు తిన్న పత్రాల సంఖ్య కూడా ఉన్నది. ఆ ముసలమ్మ పేరు లేదు. అడగలేదు. పండితుణ్ణి కావాలనే తొందరలో ఉన్న నాకు ఆమె మాటలు కూడా ఒక గ్రంథమేనని తోచలేదు. కొన్నేళ్ల తరువాత తిరిగి వెళ్లేనాటికి ఆమె లేదు, గడీ కూడా లేదు. టేకు దూలాలకు మంచి ధర వచ్చిందని చెప్పారు.

ఫ్రాన్సువారు ఈ ప్రశ్నను మనకంటే ముందు ఎదుర్కొన్నారు. 1789 జూలై, ఆగస్టు నెలలలో అక్కడి రైతులు ప్రభువుల నివాసాల మీదికి వెళ్లారు. చాలాచోట్ల వారు వెతికింది బంగారం కాదు, ప్రభువుల హక్కులు రాసిన దస్తావేజులు. అవి తగులబెట్టారు, కొన్నిచోట్ల వాటితోపాటు ఇళ్లు కూడా తగులబడ్డాయి. అక్కడి ప్రభువుల ఇళ్ల పక్కన పావురాల గూళ్లు ఉండేవి, గోపురాలంత పెద్దవి. పావురాలు పెంచే హక్కు చాలా ప్రాంతాలలో ప్రభువుకే ఉండేది. వందల పావురాలు రైతు విత్తిన గింజలు తింటుంటే రైతు వాటిని కొట్టరాదు. 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువుల ప్రత్యేక హక్కులు రద్దు చేసినప్పుడు ఈ పావురాల హక్కు కూడా రద్దయింది. నేడు ఆ గూళ్లు చాలా ఊర్లలో నిలిచే ఉన్నాయి, చూడడానికి అందమైనవి. కథ తెలియనివాడు అందాన్ని చూసి వెళతాడు. తెలిసినవాడు ఖాళీ గూళ్లను లెక్కపెట్టి, ఎన్ని పావురాలు ఎంత గింజ తిన్నాయో ఊహించుకుంటాడు. గూడు కూలిపోయి ఉంటే ఆ రెండోవానికి ఆధారం లేదు.

అదే విప్లవంలో గ్రెగువార్ అనే మతాచార్యుడు ఉన్నాడు. రాచరికం రద్దు కావాలన్నవాడు, బానిసత్వాన్ని ఎదిరించినవాడు. ఆయన విప్లవ నిష్ఠను ఎవరూ శంకించలేరు. 1794లో పాత కట్టడాలను, శిల్పాలను, గ్రంథాలను ధ్వంసం చేయడాన్ని నిందిస్తూ సభకు నివేదికలు సమర్పించాడు. ఆ ధ్వంసానికి ‘వాండలిజం’ అని పేరు పెట్టి ఆ మాటను వ్యాప్తిలోకి తెచ్చినవాడు ఆయనే. ప్రభువులను కాపాడడానికి కాదు ఆయన ఆ మాట అన్నది. రాజుల చేతిలో ఉన్నవన్నీ ఇప్పుడు ప్రజలవి, తమ సొత్తును తామే ధ్వంసం చేసుకోరాదన్నది ఆయన వాదం. 1834లో చారిత్రక కట్టడాల పరిరక్షణాధికారిగా మెరిమే అనే కథకుణ్ణి నియమించారు. 1913లో సమగ్రమైన చట్టం వచ్చింది. ఇక బాస్టిల్ కారాగారాన్ని ప్రజలు పూర్తిగా కూల్చివేశారు. ఆ రాళ్లు కొన్ని సేన్ నది మీద వంతెనకు వాడారు. ప్రజలు వాటిని తొక్కుకుంటూ నడవాలని కోరుకున్నారట. ఇదీ ఒక తీరే, నాకు అందులో తప్పు కనబడదు. కాని మనకు ఊరూరా ఒక బాస్టిల్ ఉన్నది. అన్నింటినీ వంతెనలు చేయలేము. మన గడీల రాళ్లు వంతెనలకు కూడా పోవడం లేదు, ఎవరి ప్రహరీకో పోతున్నాయి.

నిలపాలని నా అభిప్రాయం. అన్నింటినీ కాదు, అది సాధ్యమూ కాదు. నిలిపినవాటిని ఎట్లా నిలుపుతామన్నదే ముఖ్యం. ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. ‘విద్వద్గద్వాల’ అని పేరు పొందిన గద్వాల కోట లోపల నేడు ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తున్నది. వనపర్తి సంస్థాన ప్రాసాదంలో పాలిటెక్నిక్ కళాశాల ఉన్నది. ఒకప్పుడు లోపలికి రావడానికి తల వంచవలసినవారి మనుమలు, మనుమరాళ్లు ఆ స్తంభాల నడుమ పుస్తకాలు పట్టుకొని నడుస్తున్నారు. కట్టడాలకు ఇంతకంటె మంచి పునర్జన్మ నేను కోరలేను. అయితే పిల్లలకు తరగతి గది ఇచ్చి, గోడకు మరమ్మతు ఇవ్వకపోతే అది పునర్జన్మ కాదు, ఆయువు పొడిగింపు మాత్రమే. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ గడీ మరొక తీరు. సొంతదారుల కుటుంబమే పూనుకొని సంప్రదాయ సున్నంతో పునరుద్ధరించింది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారాలలో దానికి గుర్తింపు లభించింది. పనితనం విషయంలో అది మనకు పాఠం. ఆ పని వల్ల గానుగ సున్నం తెలిసిన చేతులకు మళ్లీ పని దొరికింది, అది చిన్న మేలు కాదు.

నా పేచీ మరొక చోట. పునరుద్ధరించిన ఏ పాత భవనం ముందరనైనా ఒక పలక ఉంటుంది: ఫలానా దొర, ఫలానా సంవత్సరంలో నిర్మించెను. ‘నిర్మించెను’ అనే క్రియకు కర్త ఆయనేనా? వ్యాకరణం చెప్పేవాడిగా అడుగుతున్నాను. ఆయన కట్టించాడు; ప్రేరణార్థకం అది. కట్టినవారు వేరు. ‘కట్టెను’, ‘కట్టించెను’ అనే రెండు రూపాల నడుమ ఉన్న తేడాను మనం తొమ్మిదో తరగతిలో నేర్చుకుంటాం, పలక మీద మరచిపోతాం. అట్లాగే కొన్ని పాత గడీలు పెళ్లిళ్ల ఫొటోలకు, సినిమాలకు రంగస్థలాలయ్యాయి. సినిమా తీయవద్దని అనను. 1988లో బి. నర్సింగరావుగారు ‘దాసి’ చిత్రంలో గడీ లోపలి ఒక దాసి జీవితాన్ని చూపినప్పుడు ఆ గోడలు మాట్లాడాయి. దాశరథి రంగాచార్యగారి ‘చిల్లర దేవుళ్లు’ నవలలో కూడా గడీ ఒక పాత్ర వలె కదులుతుంది. ఆ పుస్తకం చదివి గడీకి వెళ్లిన విద్యార్థి చూపు వేరుగా ఉంటుంది. దొరతనం అంటే మీసం మెలివేయడం, మేడ మెట్లు దిగడం అని చూపే చిత్రాలు చూసి వెళ్లినవాని చూపు వేరు.

చట్టం ఎంత సహాయం చేస్తుంది? 1958 నాటి కేంద్ర చట్టం నూరేళ్లు నిండిన కట్టడాలను ప్రాచీనమైనవిగా పరిగణిస్తుంది గాని జాతీయ ప్రాముఖ్యం ఉన్నవాటినే రక్షిస్తుంది. పల్లెలోని గడీకి ఆ ప్రాముఖ్యం ఎవరిస్తారు? 2017లో తెలంగాణ రాష్ట్రం వారసత్వ చట్టం చేసింది. అయితే గడీలు చాలావరకు సొంత ఆస్తులు. ఒక గడీకి పదిమంది వారసులు, పది ఊర్లలో, కొందరు దేశాంతరాలలో. ఒకరు నిలుపుదామంటే మరొకరు అమ్ముదామంటారు. దూలాల ధర తెలిసిన వర్తకుడు మాత్రం అందరి చిరునామాలూ ఎరుగును. ఈ స్థితిలో సర్కారు కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే వర్షాకాలం ఎదురు చూడదు.

కట్టడం నిలిచినా నిలవకపోయినా చేయదగిన పని ఒకటి ఉన్నది. అది మీవంటివారు చేయగలిగినది. ఊర్లోని గడీని కొలవవచ్చు. టేపు, కాగితం చాలు. దిడ్డి ఎత్తు ఎంత, అరుగు ఎత్తు ఎంత, గోడ మందం ఎంత అని రాసుకోవచ్చు. ఒక్కొక్క భాగాన్ని ఊరివారు ఏ పేరుతో పిలుస్తారో అడగవచ్చు. దంతె, బోదె, పాతర, అర్ర వంటి మాటలు కట్టడంతోపాటే పోతున్నాయి, నిఘంటువులలో అన్నీ లేవు. అన్నింటికంటే ముందు ముసలివారిని అడగాలి. వెట్టి చూసినవారిలో మిగిలినవారు అతి కొద్దిమంది. వారి వద్ద విన్న పిల్లలే ఇప్పుడు ముసలివారు. మొదట వారి పేరు రాసుకోండి. కట్టించినవారి వంశవృక్షం ఎక్కడైనా దొరుకుతుంది.

ఆ పల్లెకు రెండోసారి వెళ్లినప్పుడు గడీ ఉన్నచోట చదునైన నేల, అమ్మకానికి హద్దురాళ్లు కనబడ్డాయి. వెనుక బావి ఒక్కటి మిగిలి ఉన్నది. గిలక పోయింది, బావి ఒరల మీది రాళ్లు మాత్రం ఉన్నాయి. ఆ రాళ్ల అంచులకు చేదతాళ్లు రాసుకొని రాసుకొని వేలు మందాన గాళ్లు పడి ఉన్నాయి. ఒక్కొక్క గాడిలో వేలు పెట్టి చూశాను, నున్నగా ఉన్నాయి. ఎన్నో ఉన్నాయని గుర్తు. ఆ రోజు కూడా లెక్క రాసుకోలేదు.